ట్రక్కుకి 189 డాలర్ల లిఫ్ట్ కిట్ వేశాను: మార్చి నుంచి నవంబరు దాకా ఏం జరిగిందంటే

మా వీధిలో పికప్ లేని ఇల్లు మాదొక్కటే. 2023 దసరాకి ఆ లోటు తీరింది. 2017 టయోటా టకోమా, డబుల్ క్యాబ్, ఫోర్ బై ఫోర్, టీఆర్‌డీ స్పోర్ట్. కొన్నప్పటికి 78 వేల మైళ్ళు తిరిగింది. టెక్సాస్ దాటని బండి కాబట్టి కింద తుప్పు లేదు. మంచులో ఉప్పు చల్లే రాష్ట్రాల బండి అయితే నేను ఈ పని సొంతంగా మొదలుపెట్టేవాణ్ణే కాదు. బోల్టులు ఊడవు.

బండి నచ్చింది కానీ ముందు భాగం కొంచెం కిందికి వాలి ఉంటుంది. వెనక బరువు వేస్తే సమానంగా నిలబడాలని కంపెనీ వాళ్ళే అలా చేస్తారు. నేను మోసే బరువల్లా కాస్ట్‌కో సంచులు, పిల్లాడి సైకిలు. దాంతో ఎప్పుడు చూసినా మోకాళ్ళ మీద వంగి దండం పెడుతున్నట్టే కనిపించేది. వారంటీ ఎలాగూ అయిపోయింది, పాడైతే నాదే అనుకుని 2024 ఫిబ్రవరిలో బండిని ఎత్తు చేసే లిఫ్ట్ గురించి వాకబు మొదలుపెట్టాను.

మొదట ఒక ఆఫ్‌రోడ్ షాపులో అడిగాను. కొత్త షాకులు (షాక్ అబ్జార్బర్లు), స్ప్రింగులు, వెనక కమాన్లకి (పట్టీ స్ప్రింగులకి) అదనపు పట్టీ, చక్రాల కోణాలు సరిచేసే అలైన్‌మెంట్, కూలీ అన్నీ కలిపి 1,650 డాలర్లన్నాడు. మర్యాదగా థాంక్స్ చెప్పి బయటికొచ్చి కారులో కూర్చుని నవ్వుకున్నాను. ఎందుకంటే అప్పటికే ఫోన్లో 189 డాలర్ల కిట్ చూసి ఉన్నా. ముందు మూడంగుళాలు, వెనక ఒక అంగుళం. "నాలుగు గంటల్లో ఇంట్లోనే బిగించుకోవచ్చు" అని రాసుంది. ఆ నాలుగు గంటల మాట గుర్తుపెట్టుకోండి.

మార్చి 9, శనివారం ఆర్డర్ పెట్టాను. 14న వచ్చింది. డబ్బా తెరిస్తే ముందు వైపుకి ఎత్తు పెంచే రెండు అల్యూమినియం ముక్కలు (స్పేసర్లు), వెనక్కి రెండు ఇనుప దిమ్మలు, నాలుగు పొడుగు యూ బోల్టులు, ముందు డిఫరెన్షియల్‌ని (చక్రాలకి శక్తి పంచే గేర్ల డబ్బాని) కాస్త దించడానికి నాలుగు గుండ్రటి ముక్కలు ఉన్నాయి. వాటితో పాటు జెరాక్స్ తీసి తీసి అక్షరాలు చెరిగిపోయిన రెండు పేజీల కాగితం.

స్పేసర్ మందం కొలిస్తే అంగుళంన్నరే! మూడంగుళాలని చెప్పి సగమే పంపారని కోపమొచ్చింది. తర్వాత బండి కిందికి దూరి చూశాక అర్థమైంది. స్ట్రట్ (స్ప్రింగూ షాకూ కలిసిన భాగం) కింది కొస, చక్రాన్ని పట్టి ఉంచే కంట్రోల్ ఆర్మ్ మధ్యలో ఎక్కడో కూర్చుంటుంది, చక్రమేమో ఆ ఆర్మ్ చివర ఉంటుంది. ఏతం లాంటి లెక్క. లోపల అంగుళం కదిలితే చివర దాదాపు రెండంగుళాలు కదులుతుంది.

చవక లిఫ్టుల్లో రెండు రకాలున్నాయని కూడా అప్పుడే తెలుసుకున్నాను. ఒక రకంలో ముక్క స్ప్రింగు మీద కూర్చుని దాన్ని ఇంకా నొక్కి పెడుతుంది. బండి లేస్తుంది కానీ గట్టిపడుతుంది, గుంతలో చక్రం కిందికి జారే జాగా తగ్గిపోతుంది. దాన్ని బిగించాలంటే స్ప్రింగుని నొక్కిపట్టే పనిముట్టు కావాలి, అది జారితే ప్రాణం మీదికొస్తుంది. నాది రెండో రకం. ముక్క స్ట్రట్ మొత్తానికి నెత్తిన టోపీలా కూర్చుంటుంది, స్ప్రింగుని ముట్టుకోనక్కర్లేదు. ధైర్యం చేసింది అందుకే.

మార్చి 23, శనివారం పొద్దున ఎనిమిదిన్నరకి మొదలుపెట్టాం. సాయానికి ఆఫీసులో నాతో పనిచేసే ఖమ్మం తమ్ముడు వచ్చాడు. ఆటో పార్టుల షాపులో డిపాజిట్ కట్టి, ఆర్మ్‌ని చక్రం వైపు కలిపే కీలుని (బాల్ జాయింట్) విడదీసే పనిముట్టు, పెద్ద బార్ అరువు తెచ్చుకున్నాం. తిరిగిచ్చేస్తే కట్టిన డబ్బంతా వెనక్కిస్తారు, ఈ సౌకర్యం చాలామందికి తెలీదు. బిగుతు కొలిచే టార్క్ రెంచ్ మాత్రం 64 డాలర్లు పెట్టి కొన్నాను. చక్రం నట్లు 83 ఫుట్ పౌండ్లు అని మాన్యువల్లో ఉంటే, చేతి అంచనాతో బిగించి హైవే ఎక్కే గుండె నాకు లేదు.

డ్రైవర్ వైపు విప్పడం గంటలో అయిపోయింది. ఇద్దరం ఒకరినొకరు మెచ్చుకున్నాం. ఎక్కించేటప్పుడు మొదలైంది అసలు కథ. స్పేసర్ పెట్టాక స్ట్రట్ పొడుగవుతుంది కదా, కింది ఆర్మ్‌ని ఆ మేరకి నొక్కి దించితే తప్ప బోల్టు రంధ్రంలో పడదు. తమ్ముడు బార్ మీద వేలాడాడు. నేను చక్రం బిగించే హబ్ మీద కాలు పెట్టి తొక్కాను. బోల్టు కొస కనిపిస్తుంది, దూరదు. రెండు గంటలు అదే. చివరికి ముందు చక్రాలు రెండింటినీ కలిపే స్వే బార్‌ని రెండు వైపులా విడదీస్తే ఆర్మ్ తనంతట తనే దిగింది. ఒక వైపు మాత్రమే విప్పితే అవతలి వైపు దాన్ని పైకి లాగుతూనే ఉంటుంది. ఆ రెండు పేజీల కాగితంలో ఈ ఒక్క ముక్క లేదు.

ఇంకో సంగతి. బాల్ జాయింట్ నట్టుకి అడ్డంగా ఉండే కాటర్ పిన్ను తీసేటప్పుడు విరిగిపోయింది. కిట్‌లో కొత్తవి లేవు. సాయంత్రం ఆరింటికి, బండి గాల్లో ఉండగా, తమ్ముడి కరోలాలో పిన్నుల కోసం పరిగెత్తాం. డాలరున్నర వస్తువు. ఆ రోజు దానికి యాభై అడిగినా ఇచ్చేవాణ్ణి.

రాత్రి ఏడూ నలభైకి ముందు రెండూ అయ్యాయి. ఆదివారం వెనక దిమ్మలకి మూడు గంటలు పట్టింది. డిఫరెన్షియల్ దించే ముక్కలు మాత్రం వేయలేదు. కింద ప్లేటంతా విప్పాలి, ఒళ్ళంతా పులిసిపోయింది, వచ్చే వారం చూద్దాం అనుకున్నాను. ఆ వచ్చే వారం జులై దాకా రాలేదు.

దింపి చూస్తే గుండె నిండిపోయింది. హబ్ మధ్య నుంచి చక్రం పైనున్న ఫెండర్ అంచు దాకా ముందు ఇరవైంపావు అంగుళాలు ఉన్నది ఇరవైమూడు అయింది. వెనక ఇరవైరెండున్నది ఇరవైమూడు. బండి తల ఎత్తుకు నిలబడింది. మా ఆవిడ బయటికొచ్చి, "బాగుంది కానీ ఎడమ పక్కకి ఒరిగిందేంటి?" అంది. నిజమే, డ్రైవర్ వైపు అర అంగుళం తక్కువ. ట్యాంకూ డ్రైవరూ ఒకే వైపు ఉంటారు కాబట్టి టకోమాలు ముందు నుంచీ ఆ వైపుకి కొంచెం వాలే ఉంటాయట. కింద ఉన్నప్పుడు కంటికి ఆనలేదు, ఎత్తాక ఆనింది. కొన్ని కిట్లలో ఆ వైపుకి పావు అంగుళం ఎక్కువ మందం ఇస్తారు. నా కిట్‌లో రెండూ ఒకటే.

సోమవారం, మార్చి 25, అలైన్‌మెంట్‌కి వెళ్ళాను. కౌంటర్లో అతను కిటికీలోంచి బండిని చూసి, లిఫ్ట్ చేసిన బండ్లు మేం ముట్టుకోం అన్నాడు. చాలా చోట్ల ఇదే మాటట, ముందే ఫోన్ చేసి అడగాల్సింది. ఒప్పుకున్న షాపులో ఏప్రిల్ 6 దాకా ఖాళీ లేదు. ఏప్రిల్ 8న డల్లాస్ మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం, ఊరంతా ఆ హడావిడిలోనే ఉంది. ఇండియా నుంచి అమ్మ ఫోన్‌లో, గ్రహణం వెళ్ళేదాకా ఇనుము జోలికి పోవద్దని ఒకటే పోరు. ఆ పన్నెండు రోజులూ స్టీరింగ్ పక్కకి తిప్పి పట్టుకుంటేనే బండి తిన్నగా వెళ్ళేది. అవసరమైతేనే తీశాను.

ఏప్రిల్ 6న 129 డాలర్లు కట్టి కాగితం తీసుకున్నాను. చక్రం నిలువు వాలు (క్యాంబర్), చక్రాల దిశ (టో) పచ్చగా, అంటే హద్దులోనే ఉన్నాయి. స్టీరింగ్ తిరిగే అక్షం వాలు (క్యాస్టర్) రెండు వైపులా ఎరుపు. మెకానిక్ ఓపిగ్గా చెప్పాడు: "మూడంగుళాలు ఎత్తాక పై ఆర్మ్ పాతదే ఉంటే ఇంతకంటే రాదు. వేరే అప్పర్ కంట్రోల్ ఆర్మ్స్ వేసుకుంటే వస్తుంది." జత ధర చూస్తే నా కిట్‌కి మూడింతలు. ఎరుపు అంటే ఏమిటో టోల్‌వే మీద తెలిసింది. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తను వెనక్కి రాదు, మనమే తేవాలి. డెబ్భైలో వెళ్తుంటే బండి చెప్పిన మాట కొంచెం ఆలస్యంగా వింటుంది. ప్రమాదం అని కాదు, విసుగు. గంట నడిపితే భుజాలు పట్టేసేవి.

ఆ వారంలోనే మా కాలనీ ఇళ్ళ సంఘం (హెచ్‌ఓఏ) నుంచి ఉత్తరం వచ్చింది. డ్రైవ్‌వేలో వాహనాన్ని స్టాండ్ల మీద నిలపకూడదు, మొదటిసారి కాబట్టి హెచ్చరిక మాత్రమే అని. మార్చి 23 తేదీ వేసి ఫోటో కూడా జతచేశారు. ఫోటోలో తమ్ముడు బార్ మీద వేలాడుతున్నాడు.

ఎదురొచ్చే వాళ్ళు ఊరికే లైట్లు కొడుతుంటే వారం దాకా నాకు వెలగలేదు. ముక్కు లేచాక హెడ్‌లైట్లు కూడా లేస్తాయి కదా! పాతిక అడుగుల దూరంలో గోడకెదురుగా నిలబెట్టి, లైటు వెనక ఉన్న స్క్రూ తిప్పి దించుకున్నాను. ఖర్చు లేదు, పది నిమిషాలు.

ఏప్రిల్ 20న, అయిదు వందల మైళ్ళు దాటాక, వెనక యూ బోల్టులకి మళ్ళీ టార్క్ రెంచ్ పట్టాను. బిగుతుగానే ఉంటాయిలే అనుకుంటూ పెడితే ఎనిమిదింటిలో రెండు నట్లు కదిలాయి. వెన్నులో చలి పుట్టింది. ఇరుసుని కమాన్లకి పట్టి ఉంచేవి అవే. ఇది చదివి మీరు ఒక్క పనే చేయాల్సి వస్తే ఇది చేయండి.

వణుకు గురించి కూడా చెప్పాలి. సిగ్నల్ దగ్గర కదిలేటప్పుడు, పది నుంచి ఇరవై మైళ్ళ వేగం మధ్య, సీటు కింద గుడగుడమని ఒక వణుకు. డబుల్ క్యాబ్‌కి డ్రైవ్ షాఫ్ట్ (ఇంజిను శక్తిని వెనక చక్రాలకి చేర్చే కడ్డీ) రెండు ముక్కలుగా ఉంటుంది, మధ్యలో ఒక బేరింగ్ పట్టుకుంటుంది. వెనక ఒక్క అంగుళం లేపినా ఆ కోణం చెడుతుంది. బేరింగ్‌ని కొంచెం దించే పలకలు 18 డాలర్లకి దొరికాయి, అరగంట పని. వణుకు ముప్పాతిక వంతు పోయింది. మిగిలిన పావు వంతుకి అలవాటు పడ్డాను.

మే 11న అమ్మా నాన్నా వచ్చారు. ఎయిర్‌పోర్టుకి గర్వంగా ట్రక్కే తీసుకెళ్ళాను. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. తలుపు తీసి పట్టుకుంటే, లోపలికి ఒకసారీ నా వైపు ఒకసారీ చూసి, "దీన్ని ఎక్కడానికి నిచ్చెన ఎక్కడ పెట్టావురా?" అంది. సూట్‌కేసు పడుకోబెట్టి దాని మీద అడుగేయించి ఎక్కించాం. పార్కింగ్‌లో జనం చూస్తుంటే నాకు తల కొట్టేసినట్టయింది. మర్నాడే మెట్ల పట్టీలు ఆర్డర్ పెట్టాను, 219 డాలర్లు. ఆ ఖర్చు నా లెక్కలో ఎక్కడా లేదు.

నాన్నకి ఒకప్పుడు సొంత లారీ ఉండేది. విజయవాడ ఆటోనగర్‌లో కమాన్ కట్టలు విప్పించి, పట్టీ ఎక్కించి, రాత్రంతా అక్కడే నులక మంచం మీద పడుకుని బండి తెచ్చుకున్న మనిషి. ఇంటికి రాగానే టీ కూడా తాగకుండా బండి కిందికి వంగి చూశాడు.

"కమాన్ల కింద ఈ దిమ్మలేంట్రా?"

"ఎత్తు కోసం నాన్నా."

"మేము పట్టీ ఎక్కించింది బరువు ఆగడానికి. దీనికి బలమేం పెరిగింది?"

"బలం కాదు, ఎత్తే."

"ఓహో," అని ఊరుకున్నాడు. ఆ "ఓహో" నాలుగు రోజులు నా చెవిలో తిరిగింది. ఆయన అడిగింది సరైన ప్రశ్న. స్పేసరు వల్ల బండి మోసే బరువు పౌను కూడా పెరగదు.

మెమోరియల్ డే సెలవులకి, మే 25న, అందరం ఓక్లహోమా వైపు వాచిటా అడవుల్లోకి వెళ్ళాం. రెండో రోజు అమ్మా వాళ్ళని క్యాబిన్‌లో ఉంచి నేనూ నాన్నా మట్టి దారి పట్టాం. ఇక్కడ కిట్‌కి దక్కాల్సిన మెప్పు దక్కాలి. అంతకుముందు ఏడాది అదే దారిలో వాన కోసేసిన ఒక గండి దగ్గర ముందు బంపర్ గీసుకుపోయింది. ఈసారి తగలకుండా దాటింది. మట్టిరోడ్డు మీద కుదుపు కూడా పాతదే, ఇసుమంత పెరగలేదు. స్ప్రింగూ షాకూ పాతవే కదా మరి.

ఇంకాస్త పైకి వెళ్ళాక పెద్ద గాడి. ముందు చక్రం గాల్లోకి జారినప్పుడల్లా "ఠక్" మని ఇనుము మీద ఇనుము పడ్డ చప్పుడు. నాన్న తల పక్కకి వాల్చి విన్నాడు. "ఒరే, ఎడమ పక్క ఏదో తన్నుతోంది. ఆపు."

దిగి చూశాం. చక్రం పూర్తిగా వేలాడినప్పుడు పై ఆర్మ్ దిగొచ్చి స్ప్రింగుకి తగులుతోంది. అక్కడ రంగు లేచి మెరుస్తోంది. కంపెనీ వాళ్ళు గీసిన హద్దుకంటే కిందికి చక్రం జారుతోందన్నమాట. ఊరి రోడ్ల మీద ఇది ఎప్పటికీ జరగదు, అందుకే రెండు నెలలు తెలియలేదు. మెల్లగా వెనక్కి తిప్పుతుంటే వెనక డిఫరెన్షియల్ ఒక రాయికి గట్టిగా తగిలింది. అప్పుడు వెలిగింది నాకు, వెనక ఎంత ఎత్తినా లేచేది బండి ఒళ్ళు మాత్రమే, ఇరుసు లేవదు. అది లేవాలంటే టైర్లు పెద్దవి కావాలి. నావి 265/65ఆర్17. 265/70 వేస్తే టైరు ఎత్తు ఒక అంగుళం పెరుగుతుంది, ఇరుసు అందులో సగం లేస్తుంది. మూడంగుళాల కిట్ వేసి నేను వెనక సాధించింది సున్నా!

టైర్ల ధర కనుక్కున్నాను కూడా. బిగింపుతో కలిపి వెయ్యి దాటింది. దండం పెట్టి వదిలేశాను. ఆ పెద్ద చక్రాల గూట్లో చిన్న టైర్లు, నాన్న చొక్కా తొడుక్కున్న పిల్లాడిలా ఉండేది బండి.

జులై 20, శనివారం బండి కడుగుతుంటే ఎడమ ముందు చక్రం లోపలి వైపు నల్లటి గ్రీజు చల్లినట్టుంది. సీవీ బూటు (చక్రాన్ని తిప్పే ఇరుసు కీలు మీది రబ్బరు తొడుగు) క్లాంపు దగ్గర కారుతోంది. కోణం ఎక్కువైతే బూటు మడతలు నలిగి గ్రీజుని బయటికి తోస్తాయి. డబ్బాలో మిగిలిపోయిన ఆ నాలుగు గుండ్రటి ముక్కలు ఉన్నదే ఆ కోణం తగ్గించడానికి. షాపులో ఆగస్టు 2న టైమ్ ఇచ్చారు. కొత్త బూటు, గ్రీజు, కూలీ, పనిలో పనిగా ఆ ముక్కలు బిగించడం, మొత్తం 340. మార్చిలో ఇంకో గంట ఓపిక పట్టి ఉంటే ఇందులో చాలా భాగం మిగిలేదేమో.

అప్పటికి లెక్క: కిట్ 189, రెంచ్ 64, అలైన్‌మెంట్ 129, పలకలు 18, మెట్లు 219, బూటు 340. మొత్తం 959 డాలర్లు. పెట్రోలు కూడా కొంచెం ఎక్కువే తాగుతోంది. గాలన్‌కి పంతొమ్మిదిన్నర వచ్చేది పద్దెనిమిది చిల్లరకి దిగింది.

ఇంత చెప్పినా, పొద్దున కాఫీ కప్పుతో బయటికొచ్చి దాన్ని చూసుకున్నప్పుడు కలిగే సంతోషం అబద్ధం కాదు. సిగ్నల్ దగ్గర ముందున్న కార్ల మీదుగా దారి కనపడటం కూడా బాగుండేది. ఊళ్ళోనే తిరిగేవాడు, రెండంగుళాల లోపు ముక్క వేసుకుని వెనక జోలికి పోకుండా ఉంటే, ఈ తలనొప్పుల్లో సగం రావు. నేను మూడు కావాలనుకున్నాను, వెనక కూడా కావాలనుకున్నాను.

అక్టోబరు చివర్లో అమ్మా నాన్నా వెళ్ళిపోయారు. ఎయిర్‌పోర్టులో నాన్న ట్రాలీ తోసుకుంటూ, ఏదో గుర్తొచ్చినవాడిలా, "ఆ దిమ్మలు తీసెయ్‌రా, రాత్రిళ్ళు నిద్ర పడుతుంది," అన్నాడు. ఎవరికి నిద్ర పడుతుందో చెప్పలేదు.

నవంబరు 9న బండి షాపులో పెట్టాను. ఈసారి నేను చేయి పెట్టలేదు. ముందు బిల్‌స్టీన్ 5100 షాకులు, ఎత్తు మార్చుకునే రకం, జత 290. పాత స్ప్రింగులే వాటిలోకి ఎక్కించి రెండంగుళాల లోపు లేపారు. వెనక దిమ్మలు, బేరింగ్ పలకలు తీసేశారు. కొత్త యూ బోల్టులు 46, కూలీ 320, అలైన్‌మెంట్ మళ్ళీ 129. వెరసి 785. ముందూ వెనకా ఇప్పుడు ఇరవైరెండే. క్యాస్టర్ పచ్చగా వచ్చింది. టోల్‌వే ఎక్కి మలుపులో స్టీరింగ్ వదిలితే తనంతట తను తిన్నగా వచ్చింది. బండిలో ఒక్కణ్ణే ఉండి గట్టిగా అరిచాను.

959కి 785 కలిపితే 1,744. ఫిబ్రవరిలో నేను నవ్వుకున్న కొటేషను 1,650.

పాత కిట్‌ని నలభై డాలర్లకి అమ్మకానికి పెట్టాను. ఆదివారం ఇరవై ఏళ్ళ కుర్రాడొకడు 2013 టకోమా వేసుకుని వచ్చాడు. బండి ముక్కు కిందికి వాలి ఉంది. గ్యారేజీలో నిలబెట్టి అన్నీ చెప్పాను: స్వే బార్ రెండు వైపులా విప్పమని, కాటర్ పిన్నులు ముందే తెచ్చుకోమని, గుండ్రటి ముక్కలు మొదటి రోజే వేయమని, అవి నా బండిలోనే ఉన్నాయి కాబట్టి వేరే కొనుక్కోమని, క్యాస్టర్ సంగతి, ఆర్మ్ స్ప్రింగుకి తగిలే సంగతి. వాడిన యూ బోల్టులు మళ్ళీ వాడకూడదు కాబట్టి అవి ఇవ్వనన్నాను. శ్రద్ధగా తలూపుతూ విన్నాడు. అంతా అయ్యాక స్పేసర్‌ని చేతిలో తిప్పి చూస్తూ, ఇది అంగుళంన్నరే కదా, మూడంగుళాలు ఎలా లేస్తుంది, ముప్ఫైకి ఇస్తారా అన్నాడు.